పేరు చెక్కిన రేకు

సుందర్ రాజ్ దగ్గరున్న పోపుల డబ్బాలో ఆవాలూ జీలకర్రా ఉండవు. ఏడు గిన్నెల్లో ఒకదాంట్లో గుండీలు, ఒకదాంట్లో గుర్రపు నాడాల మేకులు, ఒకదాంట్లో బెల్టు బకిల్సు, ఒకదాంట్లో పాత నాణేలు, ఒకదాంట్లో సీసం ముక్కలు, ఒకదాంట్లో తాళంచెవులు ఉంటాయి. నడిమి గిన్నె ఏమిటో తెలియని వాటికి. దెబోరా కొత్త డబ్బా కొనుక్కుని పాతది భర్తకిచ్చింది, అది మళ్ళీ వంటింటి గడప తొక్కకూడదన్న షరతు మీద.

అతనికి యాభై ఒకటి. ఇన్సూరెన్స్ కంపెనీలో డేటాబేస్ పని. నేలలోని లోహాన్ని కనిపెట్టే మెటల్ డిటెక్టర్ కొని ఆరేళ్ళయింది. అమెరికాలో అతనుండే అరోరా చుట్టుపక్కల మొక్కజొన్న చేలలో పాత ఇళ్ళ పునాదులుంటాయి. చేను గలాయన దగ్గర అనుమతి తీసుకుని శనివారాలు అక్కడ తిరుగుతాడు. దొరికినవాటిని ఆదివారం చర్చికి తీసుకెళ్తాడు.

వాళ్ళ తెలుగు చర్చి ఒక స్కూలు జిమ్‌లో జరుగుతుంది. ఎనభై ఐదు కుటుంబాలు. ఆరాధన అయ్యాక భోజనాలు. పెరుగన్నం గిన్నె పక్కన సుందర్ రాజ్ ఒక పేపర్ ప్లేటు పెడతాడు. నడిమి గిన్నెలోని వస్తువు ఒకటి దాంట్లో ఉంటుంది. పక్కన చీటీలు, పెన్ను. అదేమిటో ఎవరికి తోచింది వాళ్ళు రాసి మడిచి పెట్టాలి. సరిగ్గా చెప్పినవాళ్ళకు మరుసటి ఆదివారం బిర్యానీ క్యూలో మొదటి చోటు. ఒకసారి పళ్ళున్న ఇనప పట్టీ పెడితే ఇరవై రెండు మంది కొబ్బరి కోరాం అని రాశారు. అది గుర్రాన్ని దువ్వే దువ్వెన.

సెప్టెంబర్ మూడో ఆదివారం ప్లేటులో ఉన్నది రెండంగుళాల స్క్రూ. కింద భాగం తుప్పు పట్టిన ఇనుము. పైన తెల్లటి లోహంతో రెండు రెక్కలు. రెక్కల మీద ఆకులు పోతపోసి ఉన్నాయి.

చీటీలు విప్పి పాస్టర్ లెవి చదివాడు. పదకొండు మంది కిరసనాయిలు దీపంలో వత్తిని తిప్పే పిడి అని రాశారు. సుందర్ రాజ్ అనుకున్నదీ అదే.

"పెట్రోమాక్స్ లైటుది. మా ఊళ్ళో క్రిస్మస్‌కి నేనే గాలి కొట్టేవాణ్ణి, నాకు తెలుసు," అన్నాడు లెవి.

"సుందర్ అంకుల్, ఇది వయొలిన్ ది కదా? స్ట్రింగ్ టైట్ చేసేది," అంది అబిగేల్. ఆ అమ్మాయి కాలేజీలో వయొలిన్ వాయిస్తుంది.

"మా మిక్సీలో ఒక పార్ట్ పోయింది. అదేమో చూడు అన్నా," అన్నాడు జెరెమీ. కొత్త చర్చి నిర్మాణ కమిటీలో సుందర్ రాజ్ తర్వాత అతనే. ఏ వస్తువు పెట్టినా మిక్సీలో పార్టేనంటాడు.

పర్సిస్ చీటీ రాయలేదు. ఆమెకు డెబ్బై తొమ్మిది. నేపర్‌విల్‌లో కూతురి దగ్గర ఉంటుంది. పాలకొల్లు దగ్గర మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. ప్లేటు దగ్గరకు తెమ్మని, స్క్రూని చీర కొంగుతో తుడిచి, రెక్కల మధ్య బొటనవేలు పెట్టి తిప్పింది.

"ఎక్కడిది బాబూ ఇది?"

"మన స్థలంలోదే ఆంటీ. చర్చి కట్టబోయే చోట."

"ఇలాంటివి మా ఇంట్లో డబ్బా నిండా ఉండేవి. ముట్టుకుంటే నాన్న కొట్టేవాడు."

"మీ నాన్నగారు దీపాలు రిపేరు చేసేవారా?"

"వడ్రంగి. మిషన్ కాంపౌండ్‌లో ఆయనే మేస్త్రి. ఇది పెట్టె మూత బిగించే మరమేకు."

"ట్రంకు పెట్టెదా ఆంటీ?" అన్నాడు జెరెమీ.

"మనిషిని పెట్టే పెట్టెది నాయనా."

పెరుగన్నం వడ్డిస్తున్నావిడ గరిటె ఆపింది.

పర్సిస్ మామూలుగానే చెప్పుకుపోయింది. "ఈ రెక్కలు చేత్తో తిప్పడానికి. చుట్టూ ఇంటిల్లిపాదీ ఉంటారు గదా, సుత్తి దెబ్బ వినలేరు. మద్రాసు నుంచి వచ్చేవి. పెద్దవాళ్ళ పెట్టెకి ఆరు. పిల్లల పెట్టెకి నాలుగు."

ఆ మాటలు పూర్తయ్యేసరికి మిగతా కమిటీ సభ్యులు ముగ్గురూ సుందర్ రాజ్ వైపు చూస్తున్నారు.

ఎందుకు చూశారో అతనికి తెలుసు. అరోరాకు పడమర పదిహేను మైళ్ళ దూరంలో నాలుగెకరాల స్థలం కొనడానికి చర్చికి మూడేళ్ళు పట్టింది. కమిటీ కార్యదర్శి అతనే. పర్మిట్లు వచ్చాయి. అక్టోబర్ పద్నాలుగున కాంక్రీటు పోస్తారు. చలి ముదిరి నేల గడ్డకట్టేలోగా పునాది పడితే మేలో హాలు చేతికొస్తుంది. మే ముప్ఫై ఒకటితో స్కూలు వాళ్ళ ఒప్పందం ముగుస్తుంది, ఆ తర్వాత జిమ్ ఇవ్వరు. పునాది ఇప్పుడు పడకపోతే మళ్ళీ ఏప్రిల్. అప్పుడు జూన్ నుంచి ఐదారు నెలలు చర్చికి చోటుండదు. ఎనిమిదేళ్ళ కిందట ఒకసారి అలాగే చోటు పోయింది. అప్పుడున్నవి నలభై కుటుంబాలు. తిరిగి చోటు దొరికేసరికి పదిహేడు కుటుంబాలు తలో చర్చిలో చేరిపోయాయి, వెనక్కి రాలేదు.

పాత సమాధిని తెలిసి కదిలిస్తే ఆ రాష్ట్రంలో నేరం. ఉందని అనుమానం వచ్చినా పని ఆపి చెప్పాలి. పర్మిట్ కాగితాల్లో ఆ వాక్యం కింద సంతకం చేసింది సుందర్ రాజే.

"ఇంటి దగ్గర ఎవరు బరియల్ చేస్తారండీ?" అన్నాడు లెవి. "చర్చికి సమాధుల తోట ఉంటుంది గదా. అక్కడికే తీసుకెళ్తారు."

అందరూ అవునన్నారు. వాళ్ళెరిగిన ఊళ్ళన్నిటిలో అంతే. సుందర్ రాజ్ కూడా తలూపాడు. కానీ ఆరేళ్ళుగా చేల గట్లమ్మట తిరిగినవాడు. మొక్కజొన్న మధ్యలో ఇనప కంచె, కంచెలో నాలుగు రాళ్ళు, రాళ్ళ మీద ఒకే ఇంటిపేరు, ఇలాంటివి రెండు చోట్ల చూశాడు. ఆ సంగతి అక్కడ చెప్పలేదు.

వెళ్ళేముందు పర్సిస్ అతన్ని పిలిచింది. "ఒక్క మేకుతో పెట్టె మూయరు బాబూ. మిగతావి ఉన్నాయేమో చూడు. చూసేటప్పుడు నన్నూ తీసుకెళ్ళు."

శనివారం పొద్దున తొమ్మిదింటికి ఆమెను కార్లో ఎక్కించుకుని వెళ్ళాడు. స్థలంలో ఇప్పుడు ఇల్లు లేదు. సున్నపురాయి పునాది, దాని చుట్టూ మోకాలెత్తు గడ్డి, రెండు మేపుల్ చెట్లు. పునాదికి ఇరవై అడుగుల దూరంలో ఒక గ్రౌండ్‌హాగ్ తవ్వుకున్న కలుగు ఉంది. కుందేలుకు రెండింతలుండే జంతువు అది. రెక్కల మేకు దొరికింది ఆ కలుగు పక్కనే.

పర్సిస్‌ని మడత కుర్చీలో కూర్చోబెట్టి సుందర్ రాజ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. డిటెక్టర్ చివర గుండ్రంగా ఉండే కాయిల్‌ని నేలకు అంగుళం ఎత్తులో అటూ ఇటూ ఊపుతూ నడిచాడు. ఇనుముకి గురక లాంటి చప్పుడొస్తుంది, తెల్ల లోహానికి పిలుపు లాంటి చప్పుడు. రెండు మేకులు అరగంటలో దొరికాయి. మరో పావుగంటకు ఇంకొకటి. అన్నీ ఆరంగుళాల లోతులోనే.

"మొదటిదానితో నాలుగు," అంది పర్సిస్.

"ఆంటీ, ఈ మెషిన్‌కి పదంగుళాల కింద ఏముందో తెలియదు. సమాధి ఆరడుగులు తవ్వుతారు. ఇంత పైన దొరికాయంటే సమాధిలోవి కావన్నమాట." అనుకున్నదానికంటే గట్టిగా చెప్పాడు.

పర్సిస్ చేతికర్రతో కలుగు వైపు చూపించింది. "అక్కడ మట్టి పచ్చగా ఉందే? మిగతా అంతా నల్లగా ఉంది."

అతను వెళ్ళి చూశాడు. చేను మట్టి నలుపు. పసుపు పచ్చని బంకమన్ను దాని కింద మూడు నాలుగడుగుల్లో ఉంటుంది. ఆ జంతువు అంత లోతు నుంచి మన్ను పైకి తోసింది. మన్నుతోపాటు ఏం తోసిందో ఎవరు చెప్పగలరు? ఆ కుప్ప మీద కాయిల్ పెడితే పిలుపు వచ్చింది. చేత్తోనే తీశాడు.

మూడంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పున్న రేకు. నాలుగు మూలలా చిల్లులు. బుట్టలో తెచ్చుకున్న నీళ్ళ సీసా వంచి బ్రష్‌తో రుద్దాడు. అక్షరాలు కనిపించాయి. ఇంగ్లీషులో ఉన్నదాన్ని పైకి చదివాడు.

"ఐడా కెంప్. పుట్టింది 1884 మార్చి 3." రేకును వెలుతురుకు పట్టుకున్నాడు. "కింద సగం నున్నగా ఉంది. ఏమీ లేదు."

కెంప్ అన్న పేరు అతనికి కొత్త కాదు. స్థలం దస్తావేజుల్లో చూశాడు. 1871 నుంచి 1903 దాకా ఆ చేను ఆగస్ట్ కెంప్ అనే ఆయనది.

"ఇది పెట్టె మూత మీద బిగించే పేరు రేకు. నాలుగు మేకులు. చిన్నపిల్ల," అంది పర్సిస్. ఆమె చేతికర్ర ఒళ్ళో పెట్టుకుంది.

"పోయిన తేదీ లేదు గదా ఆంటీ. ముందే చేయించి పెట్టుకున్నారేమో."

పర్సిస్ అతనివైపు చూసిన చూపు క్లాసులో రాకూడని మాట విన్న టీచరుది. "బతికున్న బిడ్డకి పెట్టె ఎవడు చేస్తాడు? చర్చి గంట మోగితేనే నాన్న రంపం పట్టుకునేవాడు. పోయినవాళ్ళ వయసు ఎంతైతే అన్ని గంటలు కొట్టేవారు. ఆయన వసారాలో నిలబడి లెక్కపెట్టుకుని, ఆ లెక్కను బట్టి పలకలు తీసేవాడు. గంటకు ముందు పలక మీద చెయ్యేస్తే మా అమ్మ ఊరుకునేది కాదు. పేరు చెక్కారంటే గంట మోగినట్టే. తొందరలో తేదీ చెక్కించి ఉండరు."

సుందర్ రాజ్ భీమవరంలో పుట్టాడు. అక్కడా గంట అలాగే మోగేది. మోగినప్పుడు వాళ్ళమ్మ చేస్తున్న పని ఆపి లెక్కపెట్టేది. 

కలుగు రెండడుగుల దూరంలో ఉంది. చేతిలో రేకు ఉంది. అతను కలుగు వైపు చూశాడు. పర్సిస్ అది గమనించింది.

"నేనెవరికీ చెప్పను బాబూ. కాగితాల మీద సంతకం నాది కాదు గదా," అంది. "కాస్త నన్ను లేపు. కాళ్ళు పట్టేశాయి."

ఇంటికొచ్చి బిల్డింగ్ ప్లాన్ డైనింగ్ టేబుల్ మీద పరిచాడు. పునాది రాళ్ళ నుంచి ఇరవై అడుగులు కొలిచి పెన్సిల్‌తో చుక్క పెట్టాడు. దెబోరా వెనక నుంచి వంగి చూసింది.

"ఆ చుక్క మీద ఏం వస్తుంది?"

"కిచెన్."

"చెప్పకుండా కట్టేద్దామనుకుంటున్నావా?"

"ఇంకా ఏమీ అనుకోలేదు."

"కట్టుకో. నేను మాత్రం ఆ కిచెన్‌లో టీ కూడా పెట్టను. ఎందుకు పెట్టవని అడిగినవాళ్ళకి ఎందుకో చెప్తాను." ఆమె కూరగాయల దగ్గరకు వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున ఎనిమిది నలభైకి కౌంటీ ఆఫీస్‌కి ఫోన్ చేశాడు. తొమ్మిదింపావుకి కాంట్రాక్టర్‌కి. తొమ్మిదిన్నరకి పాస్టర్ లెవికి.

లెవి "పిల్ల పేరేంటన్నారు?" అని అడిగి రాసుకున్నాడు.

జెరెమీ ఆ సాయంత్రం ఇంటికే వచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఆ మెషిన్ అమ్మేయమని పోయిన ఏడాదే చెప్పాను అన్నా. ఎవరైనా కొత్తింటికి కొబ్బరికాయో కేకో తీసుకొస్తారు. నువ్వు శవాన్ని తెచ్చావు."

"శవం ఇంకా దొరకలేదు."

"దొరికితే ఏడాది. దొరక్కపోయినా ఆర్నెల్లు. అవునా కాదా?"

"అవును."

"మళ్ళీ ఫోన్ చేసి చిన్న పొరపాటు జరిగింది, అది దీపందే అని చెప్పకూడదా?"

"దీపానికి ఐడా కెంప్ అని పేరుండదు జెరెమీ."

అతను టీ తాగకుండా వెళ్ళిపోయాడు. రెండు ఆదివారాలు సుందర్ రాజ్ పక్కన కూర్చోలేదు. సుందర్ రాజ్ కూడా ప్లేటూ చీటీలూ పెట్టలేదు. పెట్టమని ఎవరూ అడగలేదు.

సమాధి ఉందేమో తవ్వి చూసేందుకు అనుమతి కాగితాలు రావడానికి అక్టోబర్ ఇరవై అయింది. పద్నాలుగున పోయాల్సిన కాంక్రీటు పోయలేదు. కాంట్రాక్టర్ తన మనుషుల్ని వేరే పనికి పంపేశాడు. యూనివర్సిటీ నుంచి ఒక ఆర్కియాలజిస్టు ఇద్దరు విద్యార్థులతో వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి. మాట తక్కువ. కలుగు చుట్టూ తాళ్ళు కట్టి మట్టిని వేలి మందం చొప్పున చెక్కించింది.

సుందర్ రాజ్ శనివారాలు వెళ్ళి తాడు అవతల నిలబడేవాడు. సమాధిని ఎలా గుర్తుపడతారని అడిగాడు. తవ్వి పూడ్చినచోట నల్లమట్టీ పచ్చమట్టీ కలిసిపోతాయని, పై పొర తీస్తే ఆ కలిసిన మట్టి నాలుగు పలకల మచ్చలా కనిపిస్తుందని ఆమె చెప్పింది. ఎముకల కంటే ముందు రంగు చూస్తారట.

రెండో శనివారానికి పై పొర పోయింది. మచ్చ లేదు. కలుగు ఉన్నమేర తప్ప కింద పచ్చమట్టి ఎవరూ కదిలించనట్టే ఉంది. దానికి బదులు ఇంకొకటి కనిపించింది. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పున నాలుగు మూలలా రాళ్ళు. మధ్యలో బొగ్గు. ఒక చిన్న షెడ్డు ఉండిన చోటు. అందులో రెక్కల మేకులు ఇంకో పదకొండు దొరికాయి. ఆరు ఒకే తీగకు గుచ్చి ఉన్నాయి. పేరు లేని రేకులు మూడు.

ఆర్కియాలజిస్టు ఒక మేకును భూతద్దం కింద పెట్టి అతన్ని పిలిచింది. చెక్కలోకి దిగిన స్క్రూ నేలలో వందేళ్ళున్నా మర చుట్ల మధ్య తుప్పులో ఆ చెక్క నార ముద్ర మిగిలిపోతుందట. ఈ పదకొండింటిలో ఆ ముద్ర లేదు.

"నా దగ్గరున్న నాలుగు?" అన్నాడు సుందర్ రాజ్.

చూసింది. వాటిలోనూ లేదు.

ఆ నాలుగూ, పేరున్న రేకూ దొరికినచోట ఆమెకు తగరపు డబ్బా అంచు ముక్కలు కూడా కనిపించాయి. ఐదూ ఒక డబ్బాలో ఉండేవని, కలుగు తవ్వినప్పుడు డబ్బా పగిలి చెదిరిపోయాయని ఆమె అంచనా. ఇది సమాధి కాదు, పెట్టెలు చేసే మనిషి పనిచేసుకున్న షెడ్డు. కానీ వెంటనే సంతకం పెట్టనంది. పేరు లేని రేకు సరుకు. పేరున్న రేకు ఎవరిదో ఒకరిది. ఆ ఒకరు ఎక్కడున్నారో తెలియకుండా, నాలుగెకరాల్లో ఎక్కడా సమాధి లేదని ఎలా రాస్తుంది?

స్థలానికి దగ్గర్లోని ఊరి చరిత్ర సంఘానికి రెండు గదుల ఆఫీసుంది. గురువారాలు మాత్రం తెరుస్తారు. అక్కడ లోయిస్ అనే ఆవిడ కూర్చుంటుంది. లైబ్రరీలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరైంది. సుందర్ రాజ్ ఆఫీస్‌కి సెలవు పెట్టి వెళ్ళి రేకు ఫోటో ఇచ్చాడు. ఆమె దాని మీది పేరూ తేదీ కాగితం మీద రాసుకుని, వారం ఆగమంది.

ఐదో రోజునే ఫోన్ చేసింది. అతను మీటింగ్ మధ్యలో లేచి కారిడార్‌లోకి వెళ్ళాడు.

ఆగస్ట్ కెంప్ రైతు మాత్రమే కాదు, కుర్చీలూ బీరువాలూ కూడా చేసేవాడు. ఊళ్ళో ఎవరైనా పోతే పెట్టె కూడా అతనే. పాత వారపత్రికలో అతని ప్రకటన ఉంది. 1888 జనవరిలో ఆ చుట్టుపక్కల పిల్లలకు గొంతు జబ్బు వచ్చింది. డిఫ్తీరియా. ఎనిమిది రోజుల తేడాలో కెంప్ కొడుకులిద్దరు పోయారు, తొమ్మిదేళ్ళవాడూ ఆరేళ్ళవాడూ. ఇద్దరూ మూడు మైళ్ళ అవతల ఊరి సమాధుల్లో ఉన్నారు, రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. కూతురు కూడా మంచం పట్టిందని, ఆశ లేదని డాక్టర్ చెప్పాడని పత్రిక రాసింది. ఆ తర్వాతి వారం పత్రిక ప్రతి దొరకలేదు.

"ఆ కూతురు ఐడానేనా?" అన్నాడు సుందర్ రాజ్.

ఐడానే, అంది లోయిస్. 1906లో ఐడా కెంప్‌కి పెళ్ళయినట్టు చర్చి రిజిస్టర్లో ఉంది. అయితే అంతటితో ఆమె ఆగలేదు. ఆ రోజుల్లో ఒక పిల్ల పోతే తర్వాత పుట్టిన పిల్లకు అదే పేరు పెట్టేవాళ్ళు, కాబట్టి పెళ్ళయిన ఐడా రెండో ఐడా కావచ్చు. అందుకని చావు ప్రకటన వెతికింది. 1961 నవంబర్. అందులో పుట్టిన తేదీ వేశారు. 1884 మార్చి 3.

సుందర్ రాజ్ ఆ తేదీని మళ్ళీ చెప్పించుకున్నాడు. జేబులో కాగితం లేక అరచేతి మీద రాసుకున్నాడు.

ఆర్కియాలజిస్టు నవంబర్ తొమ్మిదిన సంతకం పెట్టింది. అప్పటికి రెండు రాత్రులు మంచు కురిసింది. కాంట్రాక్టర్ ఫోన్‌లో ఒక్కమాటే చెప్పాడు, ఏప్రిల్ రెండో వారం.

మరునాడు సుందర్ రాజ్ నేపర్‌విల్ వెళ్ళాడు. పర్సిస్ చిక్కుడుకాయలు వలుస్తోంది. అతను మొదట్నుంచీ వరసగా చెప్పాడు. షెడ్డు, తీగకు గుచ్చిన మేకులు, ఇద్దరు కొడుకులు, పత్రిక, తేదీ. ఆమె వలవడం ఆపలేదు.

"ఎన్నేళ్ళు బతికింది?"

"డెబ్బై ఏడు."

చిక్కుడుకాయ ఆమె చేతిలోనే ఉండిపోయింది. "అయితే కొడుకుల పెట్టెలతోపాటు పిల్లదీ చేశాడు. పిల్ల లోపల మంచం మీద ఉండగానే."

"అలాగే అనుకోవాలి ఆంటీ. దారులు మంచుతో మూసుకుపోతాయని, పేరు చెక్కేవాడు ఊళ్ళో దొరకడని ముందే చెక్కించాడేమో. ఎందుకో ఎక్కడా రాసి లేదు. పిల్ల బతికాక డబ్బాలో పెట్టి దాచాడు."

"నేను తప్పు చెప్పాను బాబూ. గంట మోగందే ఎవడూ చెయ్యడని చెప్పాను. నా మాట మీదనే గదా నువ్వు ఫోన్ చేశావు."

"రేకు దొరికాక మీరు చెప్పకపోయినా చెయ్యాల్సిందే."

ఆమె ఆ మాట వినలేదు.  "నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా వైపు కలరా వచ్చింది. నాన్న పగలంతా పలకలు కోసేవాడు. అంత చెక్క కోయడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ కూడా ఏమీ అనలేదు. ఎందుకు నాన్నా ఇన్ని పలకలు అంటే, చర్చికి కొత్త బెంచీలమ్మా అన్నాడు. నేను స్కూల్లో అందరికీ చెప్పాను, మా నాన్న కొత్త బెంచీలు చేస్తున్నాడని."

చిక్కుడుకాయను గిన్నెలో వేసింది.

"చర్చిలో కొత్త బెంచీలు మాత్రం రాలేదు. డెబ్బై ఏళ్ళుగా ఆ సంగతి నాకు తట్టనే లేదు."

ఆదివారం ప్రకటనల సమయంలో సుందర్ రాజ్ మైకు తీసుకున్నాడు. స్థలంలో సమాధి లేదన్నాడు. ఐడా సంగతి నాలుగు వాక్యాల్లో చెప్పాడు. పునాది ఏప్రిల్‌లోనని, హాలు నవంబర్‌కు గానీ రాదని, మే తర్వాత ఈ జిమ్ ఉండదని చెప్పాడు. ఏదైనా అడగాలనుకుంటే అడగమన్నాడు. ఏం అడుగుతారో అతనికి తెలుసు, వారం నుంచీ జవాబు కోసం వెతుకుతున్నాడు, దొరకలేదు.

మూడో వరసలో ఒకావిడ చెయ్యెత్తింది. "ఆ అమ్మాయికి పిల్లలెంతమందండీ?"

"నలుగురు."

"అల్లుడేం చేసేవాడు?" అన్నారు వెనక నుంచి.

"రైల్వేలో."

"అంకుల్, తనకి తెలుసా? తన నేమ్ రాసి పెట్టారు అని?" అంది అబిగేల్.

"తెలియదమ్మా. అది ఎక్కడా దొరకలేదు."

"ఆ తండ్రి తర్వాత కూడా పెట్టెలు చేశాడా?"

"ప్రకటన 1899 దాకా పడింది."

పాస్టర్ లెవి గడియారం చూసుకున్నాడు గానీ ఆపలేదు. ఇంకో ఐదు నిమిషాలు ప్రశ్నలన్నీ కెంప్ కుటుంబం గురించే వచ్చాయి. చివరికి జెరెమీ లేచి నిలబడ్డాడు. 

"జూన్ నుంచి ఎక్కడ అన్నా?"

"తెలియదు," అన్నాడు సుందర్ రాజ్. "రేపు సాయంత్రం రెండు హాల్స్ చూడటానికి వెళ్తున్నా. ఒకదాంట్లో కిచెన్ లేదు. ఇంకోటి ఆదివారం మధ్యాహ్నం మూడు తర్వాతే ఇస్తామన్నారు."

"మూడింటికైతే భోజనం ముందా, ఆరాధన ముందా?" అన్నారెవరో. కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు. రెండు కుటుంబాలవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ళ ఇళ్ళ పక్కనే వేరే చర్చి ఉందని సుందర్ రాజ్‌కి తెలుసు.

జెరెమీ కూర్చోలేదు.

"ఎన్నింటికి వెళ్తున్నావ్?"

"ఐదున్నరకి."

"నేను డ్రైవ్ చేస్తా. నిన్నొక్కణ్ణీ పంపిస్తే ఆ హాలు కింద ఏముందో చూస్తానంటావ్."